రూడీ అడిగిన ప్రశ్న

పిల్లలూ,

సెలవుల్లో చదువుతామన్న 'ది బుక్ థీఫ్' గురించి ముందుగా ఒక మాట. మార్కస్ జుసాక్ రాసిన ఈ నవల 2005లో వచ్చింది. కథ జరిగేది హిట్లర్ కాలపు జర్మనీలో. అందులో రూడీ అనే పిల్లాడుంటాడు. నిమ్మపండు రంగు జుట్టు, నీలి కళ్ళు.

1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో అమెరికా నల్లజాతి అథ్లెట్ జెస్సీ ఓవెన్స్ నాలుగు బంగారు పతకాలు గెలిచాడు. తమ జాతే గొప్పదని చాటుకుంటున్న ప్రభుత్వం కళ్ళెదుటే గెలిచాడు. ఆ గొడవంతా రూడీకేం తెలుసు! అంత వేగంగా పరుగెత్తే మనిషిలా తనూ అయిపోవాలనుకున్నాడు. ఒక రాత్రి ఒళ్ళంతా బొగ్గు పూసుకుని, ఖాళీ మైదానంలో, తనే కామెంటరీ చెప్పుకుంటూ వంద మీటర్లు పరుగెత్తాడు. (మొహానికి నల్లరంగు పూసుకోవడం అమెరికాలో నల్లవాళ్ళని వెక్కిరించడానికి ఎన్నో ఏళ్ళు వాడిన పద్ధతి. మీరు సరదాకి కూడా అలా చెయ్యకండి. రూడీది మాత్రం ఆరాధన.)

నాన్న వచ్చి చెవి పట్టుకుని ఇంటికి తీసుకెళ్తాడు. ఆయన దర్జీ. హిట్లర్ నడిపిన నాజీ పార్టీ సభ్యుడే, కానీ ఆ పార్టీ పగబట్టిన యూదుల మీద ద్వేషం లేదు. ఉన్నదల్లా భయం. నల్లవాళ్ళలా, యూదుల్లా ఉండాలనుకోకూడదు నాయనా, నిన్ను పట్టుకుపోతారు అంటాడు. యూదులంటే ఎవరని అడుగుతాడు కొడుకు. మనం నీ బూట్లు కొన్నామే, ఆయన యూదుడే అని చెప్తే పిల్లాడు ఆశ్చర్యపోతాడు. యూదుడు కావాలంటే డబ్బు కట్టాలా, లైసెన్సు ఉండాలా అని అడుగుతాడు!

నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నది అక్కడే. ఎవరినీ ద్వేషించమని ఆ తండ్రి అనలేదు. బిడ్డకి జాగ్రత్త చెప్పాననే అనుకున్నాడు. నీ జుట్టు పసుపు, కళ్ళు నీలం, అందుకు సంతోషించు అన్నాడు. ఆ ఒక్క రాత్రితో 'మనం' వేరు, 'వాళ్ళు' వేరు అన్న లెక్క పిల్లాడి చెవిన పడింది, అదీ ప్రేమించే నాన్న నోటి నుంచే. మన ఇళ్ళలో బిడ్డ పుట్టగానే తెలుపా, చామనఛాయా అని అడుగుతాం చూడండి. నేనూ అడిగాను. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆ ఒలింపిక్స్‌లోనే లాంగ్ జంప్‌లో రెండోస్థానంలో నిలిచిన జర్మన్ లుజ్ లాంగ్, అంతమంది చూస్తుండగా ఓవెన్స్‌ని అభినందించాడు. యుద్ధంలో 1943లో సిసిలీలో చనిపోయాడు. ఓవెన్స్ సొంత దేశానికి తిరిగొస్తే, నల్లవాడు కాబట్టి తన సన్మానానికే న్యూయార్క్ హోటల్లో సామాన్ల లిఫ్టెక్కి వెళ్ళాల్సొచ్చింది.

లైసెన్సు మాట వచ్చే పేజీ చేరగానే నాకు ఫోన్ చెయ్యండి. రూడీ మిమ్మల్నే అడిగితే ఏం చెప్పేవారో వినాలని ఉంది.

మీ అమ్మమ్మ