పెద్దాయన ముఖం మీద బుడిపె: తీయించాలా, వదిలేయాలా?

చర్మ క్యాన్సర్ అనగానే ఇంట్లో అందరికీ టెన్షన్ మొదలవుతుంది, ఆ పేరు అలాంటిది మరి. కానీ అన్ని చర్మ క్యాన్సర్లూ ఒకటి కావు. వాటిలో ఎక్కువగా వచ్చే బేసల్ సెల్ కార్సినోమా ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది, ఒంట్లో మరో చోటికి పాకడం చాలా చాలా అరుదు. ముక్కు పక్కనో కంటి కిందో ముత్యంలా మెరిసే చిన్న బుడిపె, దాని మీద సన్నటి రక్తనాళాలు, కొన్నాళ్లకు మధ్యలో పుండు పడి పక్కు కట్టడం, అది రాలి మళ్లీ కట్టడం. మన చాయ ఉన్నవాళ్లలో ఇది తరచూ నల్లగా ఉంటుంది కాబట్టి పుట్టుమచ్చే అనుకుంటారు.

మరి తొంభై దాటిన మనిషికి, గుండె జబ్బూ మతిమరుపూ ఉన్న మనిషికి ఇది కనిపిస్తే? అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో 1,536 మంది పేషెంట్లను గమనించి 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్) కాని చర్మ క్యాన్సర్లు వచ్చినవాళ్లు వీళ్లు. 85 ఏళ్లు నిండినవాళ్లనూ, పెద్ద జబ్బులు చాలా ఉన్నవాళ్లనూ ఆయుర్దాయం తక్కువ ఉన్నవారిగా లెక్కేశారు. ఈ గుంపులో 43 శాతం మంది ఐదేళ్లలోపే చనిపోయారు, కానీ ఒక్కరు కూడా ఆ చర్మ క్యాన్సర్ వల్ల కాదు. అయినా మిగతా వాళ్లకు చేసినట్టే వీళ్లలోనూ ఎక్కువ మందికి ఆపరేషన్లు చేశారు, ఐదుగురిలో ఒకరు చికిత్స వల్ల ఇబ్బంది పడ్డామని చెప్పారు.

నాకు బాధ కలిగించేది ఈ చివరి సంగతే. రక్తం పలచబడే మందు వేసుకునే ముసలావిడ మోకాలి కింద కాలి ముందు భాగంలో కోసి కుట్లు వేస్తే, అక్కడి చర్మం కాగితంలా పలచన, కాళ్ల వాపు వేరే, ఆ గాయం మానడానికి వారాలు పట్టొచ్చు, ఆ వారాలన్నీ డ్రెస్సింగులూ ఆస్పత్రి చుట్టూ తిరగడాలూ. బయాప్సీ కూడా అంతే: ఫలితం ఏదొచ్చినా మనం చేసేది మారదనుకుంటే ముక్క తీయడం ఎందుకు? అందుకే డాక్టర్ని ముందు అడగాల్సింది, "దీన్ని వదిలేస్తే వచ్చే రెండేళ్లలో నాన్నగారికి ఏమవుతుంది?" అని.

అలాగని వయసు చూసి వదిలేయమనడం లేదు. రోజూ బజారుకు నడిచి వెళ్లే 86 ఏళ్లాయనకు ఇంకా చాలా ఏళ్లు ఉండొచ్చు, ఆ అధ్యయనంలోనూ సగానికి పైగా ఐదేళ్లు దాటి బతికారు. కంటి దగ్గరిది లోపలికి తినుకుంటూ పోతే చివరి రోజులు నరకం. రక్తం కారడం, నొప్పి, దురద, చీము వాసన ఉంటే ఆయుర్దాయం ఎంతైనా ఉపశమనం ఇవ్వాల్సిందే. కత్తి ఒక్కటే దారి కూడా కాదు, పైపైనే ఉన్నవాటికి ఇమిక్విమాడ్, ఫైవ్ ఫ్లోరోయురాసిల్ లాంటి క్రీములున్నాయి, రేడియేషన్ ఉంది, మూడు నాలుగు నెలలకోసారి పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి పోల్చుకోవడమూ ఉంది.

ఆగకూడనివి వేరే. వారాల్లోనే పెరిగే గట్టి గడ్డ, పెదవి మీదో చెవి మీదో మానని పుండు, పాత కాలిన మచ్చలో కొత్తగా లేచిన పుండు స్క్వామస్ సెల్ కార్సినోమా అనే మరో రకం చర్మ క్యాన్సర్ కావచ్చు, అది పాకగలదు. మెలనోమా ఇంకా ప్రమాదం. భారతీయుల్లో అది తరచూ అరికాలిలోనో గోరు కిందో వస్తుంది, అక్కడ ఎవరూ చూడరు. మంచాన ఉన్న పెద్దవాళ్ల కాళ్లు కడిగేటప్పుడు అరికాళ్లూ వేళ్ల సందులూ ఒకసారి చూసి, పెరుగుతున్న నల్ల మచ్చ కనిపిస్తే ఆ వారంలోనే చర్మ డాక్టరుకి చూపించండి.