ఆడపిల్లకు వాటా: యాభై ఏళ్లకు పైగా నడిచిన తేదీల తగువు

"కట్నం ఇచ్చి పంపాం కదా, ఇంకా వాటా ఏంటి?" ఆస్తి ఊసెత్తితే ఇప్పటికీ వినిపించే మాట ఇది. చట్టం మాత్రం దీన్ని ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే ఒప్పుకోవడం మానేసింది, దేశమంతా మానేయడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది.

అసలు చిక్కు 1956 హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. హిందువుల పెళ్లి, వారసత్వం లాంటి నియమాలను మార్చే హిందూ కోడ్ బిల్లును నీరుగార్చారని అంబేద్కర్ 1951లో మంత్రి పదవే వదులుకున్నారు. తర్వాత దాన్ని ముక్కలుగా పాస్ చేశారు, ఈ 1956 చట్టం అందులో ఒక ముక్క. అయినా ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కు మగపిల్లలకే మిగిలింది. లెక్క చూడండి: తల్లి లేదు, ఒక కొడుకు, ఒక కూతురు, నాలుగెకరాల పిత్రార్జితం. తండ్రి వీలునామా రాయకుండా పోతే కొడుకు ముందే తన రెండెకరాలు తీసేసుకుంటాడు, మిగతా రెండిట్లో చెరొకటి. అతనికి మూడు, ఆమెకు ఒకటి.

వారసత్వం రాజ్యాంగంలోని ఉమ్మడి జాబితాలోది, అంటే కేంద్రమూ రాష్ట్రమూ చట్టం చేయగల అంశం, కాబట్టి రాష్ట్రపతి ఆమోదం ఉంటే రాష్ట్రమూ మార్చుకోవచ్చు. ఎన్టీఆర్ ప్రభుత్వం అదే చేసింది: 1986లో సవరణ, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. పై లెక్కలో ఇప్పుడు చెరి రెండెకరాలు. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయినవాళ్లకు వర్తించదని మెలిక పెట్టారు, దాంతో ఆగస్టులో పెళ్లయిన అక్కకు లేదు, పెళ్లికాని చెల్లికి ఉంది! కట్నాలిచ్చేసిన కుటుంబాలతో ఎందుకొచ్చిన గొడవ అనుకున్నారేమో.

తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఇదే బాట పట్టాయి, మెలికతో సహా.

2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర సవరణ వచ్చాక పెళ్లి షరతు పోయింది. మళ్లీ తేదీ గొడవే: ఆ రోజుకు తండ్రి బతికుండాలని 2015లో సుప్రీంకోర్టు అంది, అక్కర్లేదని 2020లో వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల బెంచ్ తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందు పద్ధతిగా జరిగిన పంపకాలను మాత్రం కదపరు.

మరి ఊళ్లో? కొనేవాడు అక్కచెల్లెళ్ల సంతకాలు అడుగుతున్నాడు, అన్నదమ్ములు కారు పెట్టి మరీ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకొస్తున్నారు. హక్కు విడుదల పత్రం మీద వేలిముద్ర, ఫొటో, చేతికో పట్టుచీర. పుట్టిల్లు తెగిపోతుందనే భయంతో చాలామంది పెట్టేస్తున్నారు. పెట్టనని ఒక్కరు మొండికేస్తే మాత్రం అమ్మకం అక్కడే ఆగుతుంది, అప్పుడు పెద్దమనుషులు కూర్చుని పసుపు కుంకుమ కింద ఎంతివ్వాలో బేరం మొదలెడతారు.