కోడ్‌లో గణిత గుర్తులు: అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పుతుంటాను. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్న పిల్లలు కూడా మొదటి నెలలో ఈ గుర్తుల దగ్గరే తడబడతారు.

అపోహ: గుర్తు అదే కాబట్టి అర్థమూ అదే.

చీమకుర్తి నుంచి వచ్చే ఒక అబ్బాయి, వాళ్ల నాన్న పనిచేసే క్వారీ కోసం సీ లాంగ్వేజ్‌లో చిన్న ప్రోగ్రాం రాశాడు. గ్రానైట్ బ్లాక్ కొలతలు సెంటీమీటర్లలో ఇస్తే క్యూబిక్ మీటర్లు చెప్పాలి. 285, 165, 140 కొట్టాడు. ఒక్కోదాన్నీ 100తో భాగించి గుణిస్తే 6.58 రావాలి. స్క్రీన్ మీద 2 వచ్చింది. "సార్, మిగతా రాయంతా ఏమైపోయింది?" అన్నాడు, నిజంగానే టెన్షన్ పడుతూ.

సీలో రెండు పూర్ణాంకాల మధ్య / పెడితే భాగఫలమే మిగులుతుంది, శేషం పోతుంది. అంటే 2, 1, 1. 100 బదులు 100.0 అని రాయగానే లెక్క సరిపోయింది. పైథాన్ కూడా మొదట్లో ఇంతే. 2008లో వచ్చిన పైథాన్ 3లో మామూలు భాగహారానికి /, భాగఫలానికి // అని విడదీశారు. రెండు పనులకు రెండు గుర్తులు ఉండటమే న్యాయం అంటాను నేను.

అపోహ: గణితంలో అంతా ఒకే పద్ధతి, చెడగొట్టింది ప్రోగ్రామర్లే.

త్రికోణమితిలో సైన్ (sin) మీద 2 వేస్తే వర్గం. అదే చోట -1 వేస్తే విలోమ ప్రమేయం. చదివే మనిషి సందర్భాన్ని బట్టి సర్దుకుంటాడు. కంపైలర్ (కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రాం) సర్దుకోలేదు కాబట్టి లాంగ్వేజ్ తయారుచేసేవాళ్లు ఏదో ఒక అర్థం ఖాయం చేయక తప్పదు. 1557లో రాబర్ట్ రికార్డ్ సమానానికి వాడిన = గుర్తునే ఫోర్‌ట్రాన్ అనే లాంగ్వేజ్ ఒక పేరుకు విలువ ఇవ్వడానికి తీసుకుంది. ఆల్గాల్ అనే మరో లాంగ్వేజ్ మాత్రం ఆ పనికి := పెట్టింది.

అపోహ: బోడ్మాస్ (ఏ గుర్తు లెక్క ముందు చేయాలో చెప్పే సూత్రం) వస్తే చాలు.

పైథాన్‌లో -2**2 (ఇక్కడ **, ఎక్సెల్‌లో ^ ఘాతానికి గుర్తులు) కొడితే నోట్‌బుక్‌లో లాగే -4. ఎక్సెల్‌లో =-2^2 కొడితే 4, =0-2^2 కొడితే మళ్లీ -4! జావాస్క్రిప్ట్ అయితే బ్రాకెట్ లేకుండా -2**2ను ఒప్పుకోదు, ఎర్రర్ ఇస్తుంది. నాకు నచ్చేది అదే. కెన్నెత్ ఐవర్సన్ తాను తయారుచేసిన ఏపీఎల్ లాంగ్వేజ్‌లో ఈ ప్రాధాన్యాలన్నీ తీసేశారు. అక్కడ కుడి నుంచి లెక్క కడతారు కాబట్టి 2×3+4 అంటే 14.

ఆ చీమకుర్తి అబ్బాయి ఇప్పుడు ఏ కొత్త లాంగ్వేజ్ తెరిచినా ముందు 285/100 కొడతాడు, తర్వాత మైనస్ రెండు వర్గం, ఆ తర్వాత -7 % 3 (% అంటే శేషం). ఈ చివరిదానికి పైథాన్ 2 అంటుంది, సీ -1 అంటుంది.