గేజి మారితే ఇంజను తప్పా?

పర్లాకిమిడి

చిన్నబాబూ, అమ్మడూ,

వేసవి సెలవులకి వచ్చి మీరు వెళ్ళిన మర్నాడు నా కంప్యూటర్లో గంటగంటకీ టైము చెప్పే బుల్లి సాఫ్ట్‌వేర్ మూగబోయింది. కంటి చుక్కల మందు ఆ గొంతు వినే వేసుకుంటాను కదా, నాకు టెన్షన్ వచ్చేసింది. ఫోన్ చేసి చిన్నబాబుని తిట్టేశాను, "నువ్వే ఏదో కెలికావురా" అని. వాడు కెలకలేదు. కొత్త వెర్షన్ వచ్చిందని కంప్యూటర్ చెబితే ఎంటర్ నొక్కింది నేనే. వాడికి సారీ చెప్పి ఊరుకోవచ్చు గానీ, అసలేం జరిగిందో కూడా చెప్పాలనిపించింది.

నాకు చదివి పెట్టేది ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్, అంటే తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే ఆయన 2006లో మొదలుపెట్టాడు, జేమ్స్ టే ఆయనతో కలిశాడు. ఇద్దరికీ చూపు లేదు. అలాంటివి కొనుక్కోవాలంటే బోలెడు ఖర్చయ్యే రోజుల్లో దీన్ని ఉచితంగా ఇచ్చారు. మీరు "రోబో తాత" అని నవ్వే గొంతేమో, అక్షరాలని మాటగా పలికే ఈస్పీక్ అనే సాఫ్ట్‌వేర్‌ది. జొనాథన్ డడ్డింగ్టన్ చేసిన పని అది. 2015 చివర్లో వేరేవాళ్ళు ఆ కోడ్ అందుకుని ఈస్పీక్ ఎన్‌జీ అని పేరు పెట్టి నడిపిస్తున్నారు. ఒత్తుల దగ్గర తడబడుతుంది, నిజమే. కానీ తెలుగు చదువుతుంది. నాకంతే కావాలి.

ఇక టైము చెప్పేది ఎన్‌వీడీఏలో భాగం కాదు, దానికి తగిలించుకునే యాడ్-ఆన్. ఇలాంటివి బయటివాళ్ళు ఎవరికి వారు రాసి పెడతారు. చాలావరకు ఒక్కరే, సొంత టైములో.

మన చిన్న రైలు సంగతి మీకు తెలీదు. 1900లో నౌపడ నుంచి మన ఊరికి లైట్ రైల్వే వేశారు, తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. పట్టాల మధ్య ఎడం, అంటే గేజి, 2 అడుగుల 6 అంగుళాలు. కిటికీలోంచి చెయ్యి చాపితే తుప్పలు తగిలేవి. మా అమ్మ తిట్టేది. బ్రాడ్ గేజికి మార్చడానికి 2004లో దాన్ని ఆపేశారు, అంటే 5 అడుగుల 6 అంగుళాలకి. నిన్నటిదాకా పరుగెత్తిన ఇంజను కొత్త పట్టాల మీద అడుగైనా వెయ్యలేదు. దానిలో ఒక్క మేకు కూడా ఊడలేదు. కింద దారి మారిపోయిందంతే.

సాఫ్ట్‌వేర్‌కీ ఇదే గతి. ఎన్‌వీడీఏని పైథాన్ అనే భాషలో రాశారు. పైథాన్ 2కి మద్దతు 2020 జనవరి 1తో ఆగిపోయింది. ఎన్‌వీడీఏ పైథాన్ 3కి మారేసరికి, పాత భాషలో ఉన్న యాడ్-ఆన్‌లని వాటి సొంతదారులు మళ్ళీ సవరించాల్సి వచ్చింది. అదొక్కసారితో పోలేదు. ఏటా వచ్చే మొదటి వెర్షన్‌లో లోపలి అమరిక మారవచ్చు. అప్పుడు ప్రతి యాడ్-ఆన్‌నీ దాని సొంతదారు కొత్త వెర్షన్‌తో పరీక్షించి, సరిపోతుందని అందులో రాయాలి. రాయకపోతే ఎన్‌వీడీఏ దాన్ని పక్కన పెట్టేస్తుంది. ఆ రోజు నేను ఎంటర్ నొక్కింది అలాంటి వెర్షన్‌కే. నా గడియారం మూగబోయింది ఇందుకే.

పన్నెండు రోజులకి కొత్త ఫైలు వచ్చింది. అందులో కొత్త హంగు ఒక్కటీ లేదు. మునుపటిలాగే గంట కొట్టింది, అంతే. ఆ "మునుపటిలాగే" కోసం ఎవరో ఎన్ని రాత్రులు కూర్చున్నారో! కొత్తది కనిపెట్టినవాడికి శాలువా కప్పుతాం. పాతది ఆగకుండా చూసేవాడు ఉన్నాడని, అది ఆగిన రోజున గానీ మనకి గుర్తు రాదు. నాకైతే ఈ రెండోవాడే ఎక్కువ.

ఆయనకి ఒక మెయిల్ రాయాలనుకుంటున్నాను. ఊరికే థాంక్స్ అంటే సరిపోదు. ఏ విండోస్, ఏ వెర్షన్, ఏ మీట నొక్కితే ఏమైంది అన్నీ రాస్తే ఆయనకి పనికొస్తుంది. మధ్యాహ్నం పన్నెండుకి ఒక్కోసారి రెండుసార్లు పలుకుతోంది, అదీ చెప్పాలి. తెలుగులో చిత్తు రాసి ఉంచాను. అమ్మడూ, ఆదివారం ఫోన్ చెయ్యి, నేను చదువుతాను, నువ్వు ఇంగ్లీషులో పెట్టు. చిన్నబాబు పక్కనే ఉంటే ఫోన్ వాడికివ్వు ముందు.

మీ తాతయ్య