సీసా బిరడాలు: చెక్క పనిలో అపోహలు - వాస్తవాలు

పాలకొల్లు దగ్గర మా షెడ్డులో ముందు నుంచీ తరిమెన పట్టే పనే, అంటే లేత్ మీద కర్రని తిప్పుతూ ఉలితో గుండ్రంగా తీయడం. పందిరి మంచం కోళ్లు, మెట్ల రైలింగు కర్రలు తీసేవాళ్లం. కొన్నేళ్లుగా గృహప్రవేశాలకీ పెళ్లిళ్లకీ బహుమతిగా ఇచ్చే చెక్క బిరడాలు అదే లేత్ మీద చేస్తున్నాను. కొనేవాళ్లూ, కొత్తగా నేర్చుకుంటున్న కుర్రాళ్లూ నన్ను అడిగేవి దాదాపు ఒకటే ప్రశ్నలు. వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: కర్రనే సీసా మూతికి సరిగ్గా తీస్తే చాలు, కార్కు దండగ.

అలా తీయొచ్చు గానీ ఎక్కువ రోజులు పని చెయ్యదు. గాజూ గట్టిదే, కర్రా గట్టిదే. తడి తగిలి కర్ర ఉబ్బితే బిరడా ఇరుక్కుపోతుంది, బలంగా మెలితిప్పితే సీసా మూతి పగులుతుంది. ఎండాకాలం వచ్చేసరికి అదే బిరడా వదులై నూనె కారుతుంది. కార్కు సంగతి వేరు. అది ఒక రకం ఓక్ చెట్టు బెరడు. ప్రపంచంలో వాడే కార్కులో దాదాపు సగం పోర్చుగల్ నుంచే వస్తుంది. అక్కడ చెట్టు కొట్టరు, తొమ్మిదేళ్లకోసారి బెరడు ఒలుస్తారు. దాన్లో కంటికి కనపడనంత చిన్న గదుల నిండా గాలి ఉంటుంది. అందుకే ఒక పక్క నొక్కితే ఇంకో పక్కకి పొంగదు, వదిలితే మళ్లీ విచ్చుకుంటుంది. వైన్ సీసా మూతి లోపల సుమారు 18.5 మిల్లీమీటర్లు ఉంటే, అందులో బిగించే కార్కు అసలు మందం 24 మిల్లీమీటర్లు. అంత నొక్కుకుని కూర్చుంటుంది కాబట్టే చుక్క బయటికి రాదు.

కాబట్టి పైన పట్టుకునే గుబ్బ కర్రది, కింద దిగేది కార్కు. రబ్బరు రింగులున్న స్టీలు ముక్క అయినా బాగానే పని చేస్తుంది. సోడాకీ గ్యాసున్న కూల్‌డ్రింకులకీ మాత్రం ఇవి పనికిరావు, లోపలి ఒత్తిడికి బిరడా ఎగిరిపోతుంది.

అపోహ: అంగుళంన్నర ముక్కే కదా, పచ్చి కర్ర అయినా పర్లేదు.

ఈ మాట నేనూ నమ్మాను. మొదట్లో ఒక గృహప్రవేశానికి నలభై బిరడాలు ఒప్పుకుని, కొట్టి నెలైనా కాని మామిడి కర్రతో చేసిచ్చాను. ఇచ్చిన రోజున అద్దంలా ఉన్నాయి. హైదరాబాదులో ఏసీ గదుల్లోకి వెళ్లినవి రెండు నెలల్లో పగుళ్లిచ్చాయి. ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది. అన్నీ మళ్లీ చేసిచ్చాను.

కర్ర ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు. వలయాల వెంబడి కుంచింపు, నడిమధ్య నుంచి బెరడు వైపు ఉండే కుంచింపుకి సుమారు రెట్టింపు. పొడవునా అయితే దాదాపు ఉండదు. అందుకే గుండ్రంగా తీసిన పచ్చి గుబ్బ కోడిగుడ్డు వాటం తిరుగుతుంది. కార్కుని పట్టి ఉంచడానికి గుబ్బ లోపల బిగించిన మేకు కదలదు కనక చుట్టూ ఉన్న కర్రే చీలుతుంది. ఇప్పుడు ముక్కలు కోసిన రోజే రెండు చివర్లకీ కరిగించిన మైనం పూస్తాను, ఎందుకంటే నీరు చివర్ల నుంచే అన్నిటికన్నా త్వరగా పోతుంది. తర్వాత అటక మీద పెట్టి వారానికోసారి చిన్న డిజిటల్ కాటా మీద తూస్తాను. బరువు తగ్గడం ఆగాకే లేత్ ఎక్కిస్తాను. మన డెల్టాలో శ్రావణ భాద్రపదాల్లో గాలి నిండా చెమ్మే, ఆరిన కర్ర కూడా మళ్లీ తాగుతుంది. పెద్ద ఆర్డర్లకి ముక్కలు వేసవిలోనే ఆరబెట్టుకోవడం మంచిది.

అపోహ: మెరుపుకి కొబ్బరి నూనె చాలు.

కోనసీమలో ఇంత కొబ్బరి ఉండగా వేరే నూనె ఎందుకని అడుగుతారు. కొబ్బరి నూనె ఎన్నాళ్లున్నా ఎండదు. కర్రలో జిడ్డుగానే ఉండిపోతుంది, దుమ్ము పట్టి చివరికి ముక్కిపోయిన వాసన వస్తుంది. 24 డిగ్రీల కింద పేరుకుంటుంది కాబట్టి చలికాలం పొద్దున్న తెల్లటి మరకలు కూడా కనిపిస్తాయి. అవిసె నూనె గాలి తగిలితే గట్టిపడి పొరలా కూర్చుంటుంది. పలచగా రాసి, తుడిచి, పూర్తిగా ఆరాక రెండో పూత వెయ్యాలి. ఆ నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరెయ్యాలి.

లక్క ఏటికొప్పాక బొమ్మలకి ఎంతో అందం. కానీ లక్క స్పిరిట్‌లో, అంటే ఆల్కహాల్‌లో కరుగుతుంది. మందు సీసా బిరడాకి వేస్తే చుక్క పడిన చోటల్లా పూత చెదురుతుంది.

అపోహ: టేకు కాకపోతే బహుమతి కాదు.

టేకు మంచిదే. నాకు మాత్రం గంగరావి ఇంకా ఇష్టం, దాని చేవ (లోపలి గట్టి కర్ర) ముదురు గోధుమరంగులో నున్నగా తేలుతుంది. చింత చేవ కూడా బాగుంటుంది. ముదురు కొబ్బరి మొదలులో బెరడు వైపు భాగమే గట్టి, నల్ల గీతలతో చూడముచ్చటగా ఉంటుంది, లోపలి మెత్తని భాగం పనికిరాదు. 1996 నవంబరు తుఫానుకి కోనసీమ తోటలు నేలమట్టమైనప్పుడు ఎంత కర్ర వంటచెరకుగా పోయిందో తలుచుకుంటే ఇప్పటికీ బాధే. కొబ్బరి కర్ర ఉలిని త్వరగా మొద్దు చేస్తుంది, మాటిమాటికీ సాన పట్టాలి. గన్నేరు కర్ర మాత్రం వద్దు, ఆ చెట్టంతా విషమే.

అపోహ: గ్లౌజులు వేసుకుంటే సేఫ్.

లేత్ తిరుగుతుంటే గ్లౌజు చిక్కుకుని చేతిని లాగేస్తుంది. కండువా, గాజులు, పొడుగు చేతుల చొక్కా కూడా అంతే. కళ్లద్దాలు, మాస్కు తప్పనిసరి. చెక్క పొడి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగమే చెప్పింది. ఉప్పు కాగితం పట్టేటప్పుడు లేచే సన్నపొడి అన్నిటికన్నా చెడ్డది.

అపోహ: బిరడా అంటే మందు సీసాకే.

నా దగ్గర చేయించుకునేవాళ్లలో సగం మంది తేనెకీ గానుగ నువ్వుల నూనెకీ చేయించుకుంటారు. ఆ సీసాల మూతులు రకరకాలు, అందుకే సీసా తెచ్చి చూపించమంటాను. మా వీధిలో ఒక మామ్మగారికి వేళ్ల నొప్పులు, తేనె సీసా మరమూత తిప్పలేకపోయేవారు. ఆవిడ చెయ్యి చూసి గుబ్బ నలభై అయిదు మిల్లీమీటర్ల వెడల్పున, నడుము సన్నంగా, వేళ్లు ఆనేలా తీశాను. కార్కు కూడా మామూలు కన్నా కాస్త పొట్టిది పెట్టాను, తక్కువ బలానికే ఊడి వస్తుందని. పొద్దున్నే నిమ్మరసంలోకి తేనె ఇప్పుడు ఆవిడే వంచుకుంటున్నారు.