జానెడు డబ్బాలో ఫైబర్ కొస

విజయవాడ వన్‌టౌన్ సందుల్లో పాత బిల్డింగుల్లో ఇంటర్నెట్ ఫైబర్ డబ్బాకి మిగిలే జాగా మీటర్ బోర్డుకీ మెట్ల గోడకీ మధ్య జానెడే, అందులోనే కేబుల్ టీవీ వైర్లు, పాత ఫోన్ తీగలు, ఇంకా ఎవరిదో తాళంచెవి కూడా. ఫైబర్ కొసకి పెట్టే ప్లగ్, అంటే కనెక్టర్, చిన్నదైతే పట్టేస్తుంది కదా అనుకుంటారు గానీ అసలు కొలవాల్సింది కనెక్టర్‌ని కాదు, దాని వెనకాల ఫైబర్ తిరగడానికి ఎంత చోటుందో.

ఎందుకంటే ఇళ్లకొచ్చే సింగిల్ మోడ్ ఫైబర్‌లో వెలుగు నడిచే కోర్, అంటే మధ్య గాజు పోగు, దాదాపు 9 మైక్రాన్లు (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్), దాని చుట్టూ ఉన్న గాజుకీ దీనికీ వక్రీభవన గుణకంలో (వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే అంకె) తేడా అర శాతం కూడా ఉండదు, అంత చిన్న తేడాతోనే వెలుగు లోపల ఆగుతోంది. గట్టిగా వంచామా, మలుపు దగ్గర బయటికి కారిపోతుంది. పైగా తరంగదైర్ఘ్యం పెరిగేకొద్దీ ఈ కారడం ఎక్కువ. ఇళ్లకొచ్చే జీపాన్‌లో (ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లకి పంచే పద్ధతి) ఇంటి నుంచి పైకెళ్లే వెలుగు 1310 నానోమీటర్లు, ఇంటికి కిందకొచ్చేది 1490, అందుకే 1310 మీద మీటర్ పెట్టి లాస్ (వెలుగు తగ్గుదల) బానే ఉందిలే అనుకుంటే సరిపోదు. జి.652 అనే మామూలు రకం ఫైబర్‌కి వంపు లాస్ చూసేది 30 మిల్లీమీటర్ల వ్యాసార్థం మీద, జి.657.ఏ2 అనే రకం అయితే 7.5 దాకా తట్టుకునేలా చేస్తారు. ఇరుకులో డబ్బు పెట్టాల్సింది ఇక్కడ, ఖరీదైన కనెక్టర్ మీద కాదు.

కనెక్టర్లలో ఎల్‌సీ రకానికి ఫెర్రూల్ (కొసలో ఫైబర్‌ని పట్టుకునే సన్న గొట్టం) 1.25 మిల్లీమీటర్లు, ఎస్‌సీ రకానికి 2.5, కానీ ఇంట్లో పెట్టే డబ్బాకి చాలావరకు ఆకుపచ్చ ఎస్‌సీ ఏపీసీనే ఉంటుంది కాబట్టి ఆ ఛాయిస్ మన చేతిలో లేదు. ఆకుపచ్చదాని కొస 8 డిగ్రీలు ఏటవాలుగా కోసి ఉంటుంది, వెనక్కి కొట్టే వెలుగు కోర్‌లోకి తిరిగి రాకుండా. చీకట్లో హడావుడిగా ఏటవాలు లేని నీలం యూపీసీని దానికి గుచ్చేస్తే మధ్యలో గాలి మిగిలిపోయి సిగ్నల్ పడిపోతుంది.

ఇక రెండు ఫైబర్ కొసల్ని మెషిన్‌తో కరిగించి అతికే స్ప్లైసింగా, అక్కడికక్కడే కొసకి బిగించే ఫాస్ట్ కనెక్టరా? స్ప్లైస్ లాస్ మామూలుగా 0.1 డీబీ (డెసిబెల్, లాస్‌ని కొలిచే యూనిట్) లోపే, కానీ ఫైబర్‌ని మెషిన్ దాకా తేవడానికి స్లాక్, అంటే అదనపు పొడవు, కావాలి, జాయింట్ మీద తొడిగే స్లీవ్ వంగకుండా తిన్నగా పడుకోవాలి, మిగిలింది ట్రేలో చుట్టాలి, మెట్ల మీద మెషిన్ ఎక్కడ పెడతారు చెప్పండి. ఫాస్ట్ కనెక్టర్‌లో ఫ్యాక్టరీలోనే పాలిష్ చేసిన చిన్న ఫైబర్ ముక్క ముందే ఉంటుంది, మనం క్లీవ్ చేసిన (క్లీవర్‌తో తిన్నగా తెంపిన) ఫైబర్ దానికి ఆనాలి, మధ్య సందుని జెల్ నింపుతుంది. జెల్ లేకపోతే గాజు గాలి కలిసే ఒక్కో ముఖం దగ్గర మూడున్నర శాతం దాకా వెలుగు వెనక్కి పోతుంది. అందుకే క్లీవర్ బ్లేడ్ అరిగిపోయి కొస వంకరగా తెగితే ఎంత మంచి కనెక్టరైనా దండగ.

నా లెక్కలో ఇంటి చివర ఫాస్ట్ కనెక్టర్ చాలు, కానీ బిల్డింగ్ మొత్తానికి వెళ్లే డబ్బాకి మాత్రం స్ప్లైసే, దానికి కేబుల్ లాగేటప్పుడే ఓ రెండు మీటర్లు ఎక్కువ వదిలితే కింద వరండాలో కూర్చుని జాయింట్ వేసి తర్వాత డబ్బాలో సర్దుకోవచ్చు. ఆ స్లాక్‌ని కూడా డబ్బాలో కుక్కకుండా బయట క్లాంప్‌కి పెద్ద చుట్టగా కట్టాలి. తెగిన ముక్కలు మాత్రం మూతున్న సీసాలోనే వేయండి, ఆ మెట్ల మీద పిల్లలు ఒట్టి కాళ్లతో తిరుగుతారు, వెంట్రుక కంటే కాస్త లావున్న గాజు గుచ్చుకుంటే కంటికి కనపడదు.