ఇంటర్ పిల్లలకు సొంత కారు: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో డ్రైవింగ్ స్కూలు నడుపుతున్న నాకు వేసవి మొదలైందంటే ఒకే తరహా ఫోన్లు వస్తాయి. పదో తరగతి పాసైన అబ్బాయికి, ఇంటర్‌లో చేరిన అమ్మాయికి కారు నేర్పించాలని, వీలైతే ఒక చిన్న కారు కొనివ్వాలని అనుకుంటున్నామని తల్లిదండ్రులు చెబుతారు. అది ఆడంబరం కోసం కాదని నాకు తెలుసు; ఎండలో నిలబడి, కిక్కిరిసిన ఆటోల్లో వేలాడుతూ కాలేజీకి వెళ్లే పిల్లల అవస్థ చూడలేకే అడుగుతారు. అయినా వారు చెప్పే కారణాల్లో చాలావరకు సరైనవి కావు.

అపోహ: పదహారేళ్లు నిండితే లైసెన్సు ఇస్తారు.

వాస్తవం: 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం కారుకు 18 ఏళ్లు నిండాలి. పదహారేళ్లవారికి ఉన్న మినహాయింపు 50 సీసీ మించని ఇంజిను ఉన్న ద్విచక్ర వాహనానికి మాత్రమే. మన పల్లెల్లో పొలానికీ, సంతకూ తిరిగే టీవీఎస్ ఎక్స్ఎల్ ఇప్పుడు దాదాపు 100 సీసీ బండి కాబట్టి, దానికి కూడా ఆ మినహాయింపు వర్తించదు.

అపోహ: కారు బాబు పేరు మీదే రాయిస్తే, రేపు ఏం జరిగినా మన మీదికి రాదు.

వాస్తవం: ఈ మాట చదువుకున్నవారి నోట కూడా విన్నాను. రిజిస్ట్రేషన్ మైనరు పేరు మీద ఉన్నా, చట్టం దృష్టిలో యజమాని ఆ మైనరు సంరక్షకుడే. 2019 సవరణతో వచ్చిన 199ఏ సెక్షను మరింత కఠినంగా ఉంది. మైనరు బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులకు లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ.25 వేల జరిమానా పడతాయి. బండి రిజిస్ట్రేషన్ 12 నెలల పాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు. తమకు తెలియకుండా తీసుకెళ్లాడని తల్లిదండ్రులు అంటే సరిపోదు, దానిని వారే రుజువు చేసుకోవాలి. డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగంలో చేరే వయసులో, కారు లైసెన్సు కోసం ఇంకా ఏళ్లు ఎదురుచూడాల్సిన పరిస్థితి ఆ పిల్లవాడికి ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

అపోహ: ఇన్సూరెన్సు ఉంది కదా.

వాస్తవం: లైసెన్సు లేనివారు నడిపినప్పుడు సొంత కారుకు జరిగిన నష్టాన్ని కంపెనీ భరించదు. దెబ్బలు తగిలిన ఎదుటివారికి కోర్టు ఆదేశం మేరకు ముందుగా చెల్లించినా, ఆ సొమ్మును యజమాని దగ్గర తిరిగి వసూలు చేసుకుంటుంది. అంటే ఒక ప్రాణానికి కట్టే పరిహారం మీ పొలం మీదికో, ఇంటి మీదికో వస్తుంది.

అపోహ: ముందుగా నేర్చుకుంటే పద్దెనిమిదేళ్లకు చేయి తిరుగుతుంది.

వాస్తవం: నా అనుభవం దీనికి పూర్తిగా విరుద్ధం. తొమ్మిదో తరగతి నుంచి మేనమామ కారు నడుపుతున్న ఒక అబ్బాయి, 18 నిండి ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) రాగానే నా దగ్గరికి వచ్చి, "నాకు వచ్చీసిందండి మాస్టారూ, టెస్టుకి తీసుకెళ్లండి చాలు" అన్నాడు. ఎచ్చెర్ల వైపు తీసుకెళ్లాను. ఎడమ చేయి గేరు రాడ్డు మీది నుంచి కదలలేదు, ఎడమ కాలు క్లచ్ మీది నుంచి లేవలేదు. సర్వీసు రోడ్డు నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీదికి ఎక్కేటప్పుడు కుడివైపు అద్దం వంక చూడనే లేదు. మా కార్లలో నేర్పేవారి కాళ్ల దగ్గర రెండో బ్రేకు ఉంటుంది. దానిని తొక్కిన క్షణంలోనే రణస్థలం వైపు వెళ్లే లారీ మా ముందు నుంచి దూసుకుపోయింది. స్టీరింగు పట్టుకున్న అతని వేళ్లు వణకడం చూశాను. మేనమామ కారులో ఆ రెండో బ్రేకు లేదు. ఏమీ రానివారికి నేను నెలలో నేర్పగలను కానీ, నాలుగేళ్లు పాతుకుపోయిన అలవాటును మాన్పించడానికి ఆ అబ్బాయితో నాకు రెండు నెలలు పట్టింది.

అపోహ: అమెరికాలో హైస్కూలు పిల్లలే కార్లు నడుపుతారు.

వాస్తవం: నడుపుతారు, కానీ అక్కడి నిబంధనలు మనకు కనిపించవు. ఉదాహరణకు కాలిఫోర్నియాలో మైనరుకు లైసెన్సు ఇచ్చే ముందు పెద్దవారి పక్కన కనీసం 50 గంటలు, అందులో 10 గంటలు రాత్రిపూట నడిపించాలి. లైసెన్సు వచ్చిన తరువాత కూడా మొదటి ఏడాది పెద్దవారు పక్కన లేకుండా రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకు నడపకూడదు, 20 ఏళ్లలోపు స్నేహితులను ఎక్కించుకోకూడదు. ఇన్ని కట్టుబాట్లున్నా, నడిపిన దూరాన్ని బట్టి లెక్కిస్తే, అక్కడ 16-19 ఏళ్లవారి ప్రాణాంతక ప్రమాదాల రేటు ఇరవై దాటినవారి కంటే దాదాపు మూడు రెట్లు ఉంది.

అపోహ: కారు ఒక ఆస్తి, పిల్లలకు సమయమూ మిగులుతుంది.

వాస్తవం: ఇన్సూరెన్సు వారి తరుగుదల పట్టిక ప్రకారం మూడేళ్లు దాటిన కారు విలువలో 40 శాతం పోతుంది. పదిహేనేళ్లప్పుడు ఆరు లక్షలకు కొన్నది, చట్టబద్ధంగా నడిపే వయసు వచ్చేసరికి మూడు లక్షల అరవై వేలకు దిగుతుంది. కాలేజీకి రానూపోనూ 30 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు, లీటరుకు 15 కిలోమీటర్లు అనుకుంటే 50 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు 110 రూపాయల చొప్పున నెలకు 5,500 రూపాయలు అవుతుంది. ఆడపిల్లలకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితమే. మగపిల్లలకు విద్యార్థి పాసు ఉంది. బస్సు వేళలు కాలేజీ వేళలకు కుదరవన్న బాధ నిజమే. అలాంటి చోట నలుగురు తల్లిదండ్రులు కలిసి ఒక ఆటోను నెలవారీగా మాట్లాడుకోవడం, పరిమితికి మించి ఎక్కించవద్దని గట్టిగా చెప్పడం మేలు.

18 నిండాక దారి సులువే. లెర్నర్ లైసెన్సు తీసుకుని, ముందూ వెనకా ఎరుపు రంగు ఎల్ అక్షరం పెట్టి, కారును ఆపగలిగేలా లైసెన్సున్నవారిని పక్కన కూర్చోబెట్టుకుని సాధన చేయాలి. 30 రోజుల తరువాత పరీక్షకు వెళ్లవచ్చు. నా దగ్గరికి వచ్చినవారి పేరు రాసుకునే ముందు పదో తరగతి మార్కుల జాబితాలో పుట్టినతేదీ చూస్తాను. నెల రోజులు తక్కువైనా, ఆ తేదీని నా పుస్తకంలో రాసుకుని, ఆ రోజు దాటాక రమ్మని పంపిస్తాను.